పులుల లెక్కింపుకు వలంటీరుగా వెళ్తున్నారా? అడవిలో ఏం చూడాలి, ఏం రాయాలి

పులుల లెక్కింపు ప్రకటన పేపర్లో పడిన ప్రతిసారీ అవే ప్రశ్నలు. మామూలు జనాన్ని రానిస్తారా? ఏం తీసుకెళ్లాలి? పులి కనిపిస్తుందా? చివరిదానికి జవాబు ముందే చెప్పేస్తాను: కనిపించదనుకునే బయల్దేరండి. వారం రోజులు నడిచినా పాదముద్ర కూడా తగలని బీట్లు (ఒక్కో బీట్ ఆఫీసర్ చూసుకునే అడవి ముక్కలు) చాలా ఉంటాయి. పులిని చూడాలన్న కోరికే బలంగా ఉంటే నల్లమల అడవిలోని ఫరహాబాద్‌లోనో తుమ్మలబైలులోనో సఫారీ టికెట్ కొనుక్కోండి. అక్కడా గ్యారంటీ లేదు గానీ కాళ్ల నొప్పులైనా ఉండవు.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా నల్లమల గురించి. అంటే తెలంగాణ వైపు అమ్రాబాద్, ఆంధ్ర వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులు. కవ్వాల్‌కు వెళ్లేవారికీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

నేపథ్యం నాలుగు ముక్కల్లో. ఇప్పటి పద్ధతిలో లెక్కింపు 2006లో మొదలైంది, నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 2026ది ఆరో విడత. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, రాష్ట్రాల అటవీశాఖలు కలిసి చేస్తాయి. పూర్వం పాదముద్రలు గీసుకుని వాటిని బట్టి పులుల సంఖ్య చెప్పేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని 2005లో బయటపడ్డాక ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. ఇప్పుడు ఏ పులి ఏదో గుర్తుపట్టి లెక్కపెట్టేది కెమెరా ట్రాపులతో (జంతువు ఎదురుగా రాగానే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు), దాని చారలను చూసి. వలంటీర్లు నడిచేది అంతకు ముందు దశలో: ఏ బీటులో పులి తిరుగుతోంది, ఏ బీటులో తిరగడం లేదు, తినడానికి దుప్పులూ కణుతులూ (సాంబార్ జింకలు) ఉన్నాయా లేవా. అంటే మీ బీటులో ఏమీ కనబడకపోతే ఆ 'ఏమీ లేదు' అన్నది కూడా లెక్కలోకి వెళ్లాల్సిన సమాచారమే. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఖాళీ రోజు రాయడానికి మనసొప్పక ఏదో ఒకటి రాస్తారు, లేదా అసలు రాయరు.

1. దరఖాస్తు

లెక్కింపుకు కొన్ని వారాల ముందు అటవీశాఖ పేపర్లలోనూ తన వెబ్‌సైట్‌లోనూ ప్రకటన ఇస్తుంది. 18 ఏళ్లు నిండి ఉండాలి, రోజుకు 10 నుంచి 15 కిలోమీటర్లు అడవి దారిలో నడవగలగాలి. జీతం, భత్యం ఉండవు. బేస్ క్యాంపులోనో ఫారెస్ట్ క్వార్టర్స్‌లోనో పడుకోవడానికి చోటు, లోపల తిరగడానికి వాహనం శాఖ చూస్తుంది. మీ ఊరి నుంచి రేంజి ఆఫీసు దాకా వెళ్లే ఖర్చు మీదే అనుకోండి. భోజనం సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఒక్కోచోట ఒక్కో పద్ధతి.

ఫారంలో అనుభవం అన్న గడి ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయండి. 'ట్రెక్కింగ్ బాగా అలవాటు' అని రాసి రెండో రోజు బొబ్బలెక్కి కూర్చుంటే, మీతో పంపిన బీట్ ఆఫీసర్ పని కూడా ఆగిపోతుంది. తెలుగు ధారాళంగా మాట్లాడగలరని తప్పకుండా రాయండి. నల్లమలలో మీతో నడిచే వాచర్లు, ట్రాకర్లలో చాలామంది చెంచులు. వాళ్లతో నేరుగా మాట్లాడగలగడం ఏ డిగ్రీకన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటే డీఎఫ్ఓ (ఆ ప్రాంత అటవీ అధికారి) ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాకే జేబులో చెయ్యి పెట్టండి.

ఆస్తమా, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు, తేనెటీగ కుడితే ఒళ్లంతా వాచిపోయేవారు ఈ పనికి వద్దు. సెల్‌ఫోన్ సిగ్నల్ లేని చోటు నుంచి ఆసుపత్రికి చేరాలంటే గంటలు పడుతుంది.

2. నెల ముందు నుంచే నడక

పార్కులో వాకింగ్ లెక్కలోకి రాదు. వీపున నాలుగైదు కిలోల సంచి వేసుకుని, రాళ్లు రప్పలున్న గుట్ట మీద వారానికి రెండుసార్లయినా ఎక్కి దిగండి. మీ దగ్గర గుట్ట లేకపోతే అపార్ట్‌మెంటు మెట్లే గతి. లిఫ్ట్ వైపు చూడకుండా పైదాకా నాలుగైదుసార్లు. ఏ బూట్లతో అడవికి వెళ్తారో వాటితోనే ఇదంతా చేయాలి. కొత్త బూట్లు వేసుకుని నేరుగా అడవికి వచ్చేవారు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు.

3. సంచిలో ఏముండాలి

- ఆధార్ కాపీ, శాఖ పంపిన ఎంపిక మెయిల్ ప్రింటు, రక్తం గ్రూపు రాసిన కాగితం.
- ఆకుపచ్చ, ఖాకీ, మట్టి రంగు పొడుగు చేతుల చొక్కాలు, పొడుగు ప్యాంట్లు. తెలుపు, ఎరుపు, మెరిసే బట్టలు వద్దు. మిలిటరీ మచ్చల బట్టలు కూడా వద్దు, వాటితో లేనిపోని అనుమానాలు వస్తాయి.
- ప్యాంటు అంచును లోపలికి దోపుకునేంత పొడుగు మేజోళ్లు. పిడుదుల బెడదకు ఇంతకు మించిన మందు లేదు.
- మూడు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు.
- తలకు కట్టుకునే టార్చి. క్యాంపులో రాత్రి బయటికి వెళ్లేటప్పుడు ఇది లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అన్నీ ఉన్న అడవి ఇది.
- దోమతెర, దుప్పటి. నల్లమలలో జనవరి తెల్లవారుజాము చలి హైదరాబాద్ చలిలా ఉండదు.
- 15 సెంటీమీటర్ల స్కేలు, చిన్న టేపు, నోటుబుక్కు, పెన్సిల్. మంచుకు తడిసిన కాగితం మీద పెన్ను రాయదు, పెన్సిల్ రాస్తుంది.
- ఆండ్రాయిడ్ ఫోన్, పవర్ బ్యాంకు. క్యాంపులో సోలార్ దీపం ఉంటుంది గానీ అందరి ఫోన్లకూ చాలదు.
- మీ మందులు, బ్యాండేజీ గుడ్డ, చెవుల్లో పెట్టుకునే దూది. ఆ దూది దేనికో క్యాంపులో మొదటి రాత్రి గురకలు వింటే తెలుస్తుంది.

సెంటు, డియోడరెంటు, పాటల స్పీకరు, డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. బీడీ, సిగరెట్ అలవాటున్నవారు మానుకోగలిగితేనే రండి. జనవరికే గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క పీక చాలు.

దారిలో తినడానికి పులిహోరో చపాతీయో కట్టించుకోండి. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

4. శిక్షణ రోజు ఫోన్ సంగతి తేల్చుకోండి

నడక మొదలయ్యే ముందు శిక్షణ ఇస్తారు. సమాచారం నమోదు చేసేది ఎం-స్ట్రైప్స్ అనే యాప్‌లో. మీరు నడిచిన దారిని గీస్తుంది, గుర్తు కనబడిన చోటును, ఫోటోను కలిపి దాచుకుంటుంది. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్‌తో పనిచేస్తుంది. కొన్నిచోట్ల యాప్ బీట్ ఆఫీసర్ ఫోన్‌లో మాత్రమే ఉంటుంది, మీరు కాగితం ఫారం నింపాలి. రెండూ నేర్చుకోండి.

శిక్షణ రోజే చూసుకోవాల్సిన మూడు విషయాలు:

బ్యాటరీ సేవర్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే తెర ఆరిపోగానే ఫోన్ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. సాయంత్రం చూస్తే ఐదు కిలోమీటర్ల దారి మూడు ముక్కలై ఉంటుంది. నడక వృథా అయ్యే కారణాల్లో ఇదే మొదటిది.

బయల్దేరేముందు ఆరుబయట ఐదు నిమిషాలు నిలబడి జీపీఎస్ కుదుటపడనివ్వండి. పొరపాటు పది మీటర్ల లోపలికి వచ్చాకే మొదలుపెట్టండి.

ఆఫీసు చుట్టూ అరకిలోమీటరు నడిచి, ఒక ఉత్తుత్తి గుర్తు నమోదు చేసి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూడండి. తెరుచుకుంటే సరి. లేదంటే శిక్షకుడు ఎదురుగా ఉండగానే అడగండి. రేపు పొద్దున్న అడవిలో అడగడానికి ఎవరూ ఉండరు.

5. మొదటి మూడు రోజులు: గుర్తుల వేట

రోజుకో దారి చొప్పున బీటులో మూడు దారులు, ఒక్కొక్కటి కనీసం ఐదు కిలోమీటర్లు. పులి, చిరుత నడిచే అవకాశమున్న చోట్లే ఎంచుకుంటారు: బండి బాటలు, కాలిబాటలు, ఎండిన వాగు ఇసుక. దారి ఎంపిక బీట్ ఆఫీసర్‌కు, వాచర్‌కు వదిలేయండి. అడ్డదారిన పోదామని మీరు సలహా ఇవ్వకండి.

ఎండ ముదరకముందే మొదలుపెట్టాలి. పొద్దుటి ఏటవాలు వెలుతురులో పాదముద్ర అంచుల నీడ పడుతుంది, లోతు తెలుస్తుంది. నడినెత్తిన సూర్యుడుంటే అదే ముద్ర చదునుగా కనిపించి మాయమైపోతుంది. అనుమానమున్న ముద్ర దగ్గర వాచర్ ఏం చేస్తాడో చూడండి: నిలబడి చూడడు, సూర్యుడికి ఎదురుగా వెళ్లి గొంతుక్కూర్చుంటాడు. ముద్రలో పడ్డ ఆకును పుల్లతో పక్కకు నెడతాడు. తర్వాత ముద్ర మీద కాకుండా ముందుకూ వెనక్కూ చూస్తాడు, తర్వాతి అడుగు ఎక్కడ పడిందోనని. మీరూ అలాగే కూర్చోండి.

ఏది ఎవరిదో ఇలా తేల్చుకోండి:

పిల్లి జాతి ముద్రలో నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు ఉండదు, మడమ దిండు వెనక అంచు మూడు వంపులుగా ఉంటుంది. కుక్క, రేచుకుక్క, దుమ్ములగొండి ముద్రల్లో గోళ్లు పడతాయి. ఎలుగుబంటికి ఐదు వేళ్లు, వాటికి ముందు దూరంగా పొడుగాటి గోళ్ల గీతలు. దాని వెనక పాదం అచ్చం మనిషి పాదంలా ఉంటుంది.

పెద్దపులా, చిరుతా అన్నది కొలతతో మొదలుపెట్టండి, కొలతతోనే ముగించకండి. ముద్ర అడ్డం కొలత ఏడెనిమిది సెంటీమీటర్లయితే చిరుత వైపు, పదికి బాగా పైనుంటే పెద్దపులి వైపు మొగ్గుతుంది. కానీ ఎదిగే పులి పిల్ల ముద్ర పెద్ద మగ చిరుతదంత ఉండొచ్చు. బురదలోనూ మెత్తటి దుమ్ములోనూ ముద్ర పరుచుకుని అసలు కన్నా పెద్దదవుతుంది. ముందు పాదం ముద్ర మీద వెనక పాదం పడితే రెండూ కలిసి ఒక రాక్షస పాదంలా తయారవుతుంది. కాబట్టి ఒక్క ముద్ర చూసి తేల్చకండి. వరసగా నాలుగైదు చూసి, గట్టి నేల మీద పడ్డది కొలవండి. పిల్ల అయితే చుట్టుపక్కల తల్లి ముద్ర కూడా ఉండొచ్చు, వెతకండి.

మలం విషయం. పులిది లావుగా, మెలికలు దూరం దూరంగా ఉంటుంది. చిరుతది సన్నగా, దగ్గర దగ్గర మెలికలతో ఉంటుంది. రెండింటిలోనూ వెంట్రుకలు, ఎముక ముక్కలు కనిపిస్తాయి. దుమ్ములగొండిది ఎముకలు తినడం వల్ల ఎండితే సున్నం ముద్దలా తెల్లబడుతుంది. రేచుకుక్కలు దారులు కలిసే చోట గుంపుగా విసర్జిస్తాయి. ఎలుగుబంటిదైతే చెదల పెంకులు, రేగు గింజలు చెబుతాయి. పుల్లతో కదిపి చూడండి, ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. పురుగు గుడ్లు అంటుకుంటాయి.

ఇవి కాక నేలను వెనక కాళ్లతో గీరిన గుర్తులు, చెట్టు బెరడు మీద గోళ్ల చీరికలు, అరుపు, కంటికి కనిపించడం కూడా విడివిడిగా నమోదు చేయాలి.

ఫోటో తీసేటప్పుడు స్కేలు ముద్ర పక్కన, ముద్ర ఉన్న మట్టానికే పెట్టండి. ఫోన్‌ను నిటారుగా పైనుంచి పట్టండి. పక్కవాటంగా తీస్తే కొలత సాగిపోతుంది. అగ్గిపెట్టె, నాణెం, మీ బూటు కొలతకు పనికిరావు. స్కేలు మర్చిపోతే వాచర్ చేసేదే మీరూ చేయండి: ముద్ర వెడల్పుకు సరిగ్గా ఒక పుల్ల విరిచి జేబులో వేసుకోండి, క్యాంపులో కొలవొచ్చు.

ఇక్కడ దొర్లే తప్పులు:

ఒకే పులి దారి వెంట అరకిలోమీటరు నడిచి ఉంటే అది ఒక్క గుర్తు. అడుగడుగునా నమోదు చేస్తే ఒక పులి పది గుర్తులవుతుంది. ముద్రలు దారి దిగి వెళ్లిపోయి, చాలా దూరం తర్వాత వేరే వైపు నుంచి కొత్తగా వచ్చాయంటే అప్పుడు వాచర్‌ను అడిగి రాయండి.

తెలియనిదాన్ని పెద్దపులి ఖాతాలో వేయడం. 'తెలియలేదు' అని రాయడానికి సిగ్గుపడొద్దు. ఫోటో ఉంటే పైన చూసేవాళ్లు తేలుస్తారు. మీరు పులి అని రాసేస్తే తేల్చే అవసరమే లేదనుకుంటారు.

పశువుల పేడ, గొడ్డలి వేటు, కట్టెల మోపు ఈడ్చిన జాడ, ఉచ్చు తీగ – ఇవి జంతువుల గుర్తులు కావని వదిలేయడం. వీటికి కూడా ఫారంలో చోటుంటుంది. ఉచ్చు కనబడితే మీరు ముట్టుకోకండి, సిబ్బందికి చూపించండి. దాన్ని తీసే పద్ధతి, కేసు రాసే పద్ధతి వేరు.

వాచర్ మాట పట్టించుకోకపోవడం. మీ ఫోన్ ఏం చెప్పినా, నమోదు చేసేముందు "అన్నా, మీరేమంటారు?" అని అడగండి. ఆయన చిరుత అంటే, మీరు పెద్దపులి అంటే, ఎందుకో చూపించమనండి. ఆ రెండు నిమిషాల్లో నేర్చుకునేది శిక్షణ రోజంతా కూర్చున్నా రాదు.

6. తర్వాతి మూడు రోజులు: గీత మీద నడక

పులి తిండి ఎంతుందో తేల్చేది ఇక్కడే. బీటులో రెండు కిలోమీటర్ల తిన్నని గీత ముందే గుర్తుపెట్టి ఉంచుతారు. తెల్లారగానే ఆ గీత మీద నెమ్మదిగా నడుస్తూ చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది, కొండముచ్చు, నెమలి ఏది కనిపించినా నమోదు చేయాలి. అదే గీతను మూడు రోజులు పొద్దున్నే నడుస్తారు.

ఇద్దరు ముగ్గురికి మించి ఉండకూడదు. మాటలు లేవు, సైగలే. ఒకరు ఎడమ, ఒకరు కుడి చూస్తారు, ముందున్నవారు తిన్నగా గీత మీద చూస్తారు. గీత మీదే ఉన్న జంతువును చూడకుండా పోతే లెక్క మొత్తం చెడుతుంది. దూరంగా ఉన్నవి కొన్ని తప్పిపోయినా లెక్కగట్టే పద్ధతి దాన్ని సర్దుకుంటుంది, కాళ్ల ముందుది తప్పిపోతే మాత్రం సర్దుకోదు.

జంతువు కనబడగానే ఈ వరసలో:

ఆగండి. అది మొదట ఎక్కడ ఉందో ఆ చోటును ఒక చెట్టుతో గుర్తుపెట్టుకోండి. అది పారిపోయాక నిలబడిన చోటు మీకు అక్కర్లేదు.

దూరం కొలవండి. రేంజ్‌ఫైండర్‌ను దుప్పి మీదికి గురిపెడితే దాని కిరణం మధ్యలో గడ్డికి తగిలి తప్పు అంకె చూపిస్తుంది. దుప్పి పక్కనున్న చెట్టు మాను మీదికి గురిపెట్టండి. రెండుసార్లు కొలవండి.

దిక్సూచితో ఆ చోటి కోణం చూడండి, గీత కోణం కూడా రాయండి. దిక్సూచిని ఫోన్‌కూ, రేంజ్‌ఫైండర్‌కూ, వాచర్ చేతిలోని కొడవలికీ ఎడంగా పట్టుకోండి. ఇనుము దగ్గరుంటే ముల్లు తప్పుతుంది.

గుంపులో ఎన్ని, వాటిలో పిల్లలెన్ని. గుంపయితే దూరం, కోణం గుంపు నడుమకు కొలవాలి, మీకు దగ్గరున్న దుప్పికి కాదు.

రేంజ్‌ఫైండర్ అందరికీ అందకపోవచ్చు. అప్పుడు కంటి అంచనానే దిక్కు. క్యాంపు ముందు బాట మీద టేపుతో 20, 40, 60 మీటర్ల దగ్గర రాళ్లు పెట్టి సాయంత్రం పూట కన్నును అలవాటు చేసుకోండి. అంచనా అని ఫారంలో రాయడం మరవొద్దు.

సరిచూసుకోవడం ఇలా: జంతువు 60 మీటర్ల దూరంలో, గీతకు 30 డిగ్రీల వారలో ఉంటే గీత నుంచి అడ్డంగా 30 మీటర్లు ఉన్నట్టు. బొమ్మ గీసి చూసుకోండి. మీరు రాసిన అంకెల ప్రకారం దుప్పి 120 మీటర్లు అవతల తేలిందనుకోండి. అంత దట్టమైన నల్లమద్ది, వెదురు నడుమ మీకెలా కనిపించింది? ఎక్కడో కోణం తిరగబడిందన్నమాట.

ఇంకో పరీక్ష. మీ దూరాలన్నీ 20, 30, 50, 100 అని గుండ్రంగా ఉన్నాయా? కొలవలేదు, ఊహించారు. నిజంగా కొలిస్తే 37, 52, 18 లాంటివి వస్తాయి.

రెండు కిలోమీటర్లు నడిచినా ఒక్క జంతువూ కనబడలేదనుకోండి. ఆ నడకను కూడా మొదలు, ముగింపు సమయాలతో సహా సేవ్ చేసి పంపాలి. గీత వదిలి పక్క వాగులోకి దిగి 'నాలుగు దుప్పుల్నైనా చూసొద్దాం' అనడం పెద్ద తప్పు. చూసి ఆనందించండి కావాలంటే, కానీ రాయకండి.

7. తిరుగు దారిలో పచ్చదనం, పెంటికలు

అదే గీత మీద వెనక్కి వస్తూ ప్రతి 400 మీటర్లకు ఆగాలి. 15 మీటర్ల వ్యాసార్ధంలో పెద్ద చెట్లు, 5 మీటర్లలో పొదలు, ఒక మీటరులో నేల మీద గడ్డి, ఎండుటాకు ఎంత ఉందో రాయాలి. లాంటానా, వయ్యారిభామ లాంటి కలుపు ఎంతుందో కూడా. చెట్ల పేర్లు మీకు తెలియకపోయినా వాచర్‌కు తెలుసు. నల్లమద్ది, చిరుమాను, తునికి, ఏగి, మోదుగ అని ఆయన చెప్పినవి చెప్పినట్టు తెలుగులోనే రాసుకోండి, శాస్త్రీయ నామం క్యాంపులో పట్టిక చూసి నింపొచ్చు.

ఆ చోటే 2 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవున్న పట్టీలో పెంటికలు లెక్కపెట్టాలి. ఒకసారి ఎడమ పక్క, తర్వాత కుడి పక్క. దుప్పివి చిన్నవి, కణితివి వాటికన్నా పెద్దవి. మనుబోతు ఒకేచోట మళ్లీ మళ్లీ వేస్తుంది కాబట్టి కుప్పగా ఉంటుంది. కుందేలువి గుండ్రంగా, కాస్త చదునుగా, పొట్టులా ఉంటాయి. విసుగు పుట్టించే పని ఇదే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. ఆకులు తప్పించి చూడకపోతే సగం కనబడవు.

8. ప్రమాదాలు

నల్లమలలో పులికన్నా ఎలుగుబంటికి భయపడండి. దాని చూపు మందం. మనం దగ్గరికి వచ్చేదాకా గమనించక, గమనించగానే మీద పడుతుంది. గుండ్రాళ్ల గుట్టలు, గుహలు, చెదపుట్టల దగ్గర సిబ్బంది ముందు నడవాలి, మీరు కాదు. ఎదురుపడితే పరుగెత్తొద్దు. అందరూ ఒక్కచోటికి చేరి, దాని మీది నుంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి తగ్గండి. పులి ఎదురైనా అంతే, వీపు చూపించొద్దు. ఫోన్ తీయాలన్న ఆలోచన ఆ క్షణంలో అసలు వద్దు.

ఒంటికి, రెంటికి కూడా జట్టుకు చెప్పి, కనుచూపు మేరలోనే వెళ్లండి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు. బూట్లు తొడుక్కునే ముందు దులపండి. తేనెపట్టు ఉన్న చెట్టు కింద ఆగొద్దు. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు. కరిచిన కాలిని కదపకుండా, వెంటనే వైర్‌లెస్‌లో చెప్పించి ఆసుపత్రికి చేర్చడమే.

9. ప్రతి సాయంత్రం తనిఖీ

స్నానానికీ టీకీ ముందే చేయండి. తర్వాత చేద్దామంటే నిద్ర ముంచుకొస్తుంది.

- యాప్‌లో దారి ఒకే గీతగా ఉందా, ముక్కలైందా? ముక్కలైతే ఎక్కడ, ఎందుకని నోటుబుక్కులో రాయండి, చేత్తో కలపకండి.
- నోటుబుక్కులో ఎన్ని గుర్తులు, యాప్‌లో ఎన్ని? సమానంగా ఉండాలి.
- ప్రతి ముద్ర ఫోటోలోనూ స్కేలు ఉందా, అంకెలు చదవొచ్చా?
- మీరు రాసిన పేర్లు మూసేసి, ఫోటోలు మాత్రం జట్టులో ఇంకొకరికి చూపించి ఇది ఏ జంతువని అడగండి. తేడా వచ్చినవాటిని వాచర్ ముందు పెట్టండి. ఇద్దరూ కలిసి ఒకే తప్పు చేసే అవకాశం తక్కువ.
- ఏమీ కనబడని నడక సేవ్ అయిందా?
- పిడుదులు: చంకలు, గజ్జలు, మోకాలి వెనక, నడుము పట్టీ. కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.

10. తిరిగొచ్చాక

ముద్రల ఫోటోలు, కెమెరా ట్రాపులు పెట్టిన చోట్లు, క్యాంపుల దారులు వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెట్టకండి. వేటగాళ్లకు ఫోన్లుంటాయి. ఫోటోలోపల దాగిన జీపీఎస్ వివరం తీసేసినా, వెనకున్న గుట్టను బట్టి చోటు గుర్తుపట్టేవాళ్లుంటారు. జట్టుతో దిగిన ఫోటో పెట్టుకోండి చాలు. రాలిన దుప్పి కొమ్ము, ముళ్లపంది ముల్లు, ఏదీ జ్ఞాపకంగా తెచ్చుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొమ్ము ఇంట్లో దొరికితే కేసు.

"మా బీటులో ఎన్ని పులులు తేలాయి?" అని మరుసటి నెలలో ఫోన్లు చేయకండి. 2022 లెక్కింపులో దేశం మొత్తానికి సగటు అంచనా 3,682 అని తేల్చిన పూర్తి నివేదిక 2023 జులైలో గానీ రాలేదు.

ఈసారి ఎంపిక కాలేదా? నాలుగేళ్లు ఆగనక్కర్లేదు. ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్కింపు ఉంటుంది. కొల్లేరు, కోరింగ, పులికాట్, మంజీర, మీ ఊరి చెరువు, ఎక్కడైనా సరే. దానికి 15 కిలోమీటర్ల నడక అక్కర్లేదు, బైనాక్యులర్సూ ఓపికా చాలు. కోస్తాలో ఉంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. రాత్రుళ్లు తీరం వెంట నడిచి గుడ్లను హేచరీకి చేర్చే పనికి మనుషులు కావాలి. రెండింటికీ ముందుగా స్థానిక రేంజి ఆఫీసులో అడగండి. పేరు, ఫోన్ నంబరు ఇచ్చి రండి, నవంబరులో ఒకసారి గుర్తుచేయండి.

సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగేవారికి: చాలాచోట్ల ఇస్తారు, కానీ ఫారాలన్నీ అప్పగించాకే. చివరి రోజు బస్సు టైం అవుతోందని నోటుబుక్కు సంచిలో వేసుకుని వచ్చేయకండి.